మా నాయన పట్టిన తాడు

పోయిన ఆదివారం చర్చిలో ప్రసంగం సగంలో ఉండగా నేను లేచి బయటికి వచ్చేశాను. పక్క తలుపు ఉంది, అయినా నడిమధ్య దారిలోంచే, చేతికర్ర టకటకలాడించుకుంటూ మరీ వచ్చాను. ఇంటికి చేరాక కోడలు అరగంట పోరింది. "ఎనభై దాటినాయి గదత్తా, ఇంకా ఏందీ రోషం? నలుగురూ ఏమనుకుంటారు?" అంది. చింత చచ్చినా పులుపు చావదు, ఆ నలుగురినీ అదే అనుకోమను అన్నాను.

పాస్టరుగారు కొత్తగా వచ్చిన కుర్రవాడు. చెడ్డవాడేం కాదు. పూర్వం మా నాయన నల్లమల ఎక్కి చెంచుల మధ్య కాపురముండి సేవ చేశాడని ఎవరో చెప్పారట. ఇక మైకు ముందు అందుకున్నాడు. చీకట్లో మగ్గే అడవి మనుషులకు మా నాయన వెలుగు చూపించాడట. పద్ధతిగా బతకడం, నలుగురిలో మాట్లాడటం నేర్పించాడట. మాట్లాడటం నేర్పించాడట! వాళ్ల నోటి ముందు మా నాయన నిలబడగలిగితే కదా. అక్కడికి నా ఓపిక అయిపోయింది. ఆ కొండ మీద జరిగింది కళ్లారా చూసినవాళ్లలో ఇప్పుడు బతికున్నది నేనొక్కదాన్నే. నా ఎదురుగానే మా నాయన కథ మార్చి చెబుతుంటే విని ఊరుకునే దాన్ని కాను.

మాది మార్కాపురం దగ్గర ఒక పల్లె. ఊళ్లో కాదు, ఊరికి ఎడంగా ఉండే వాడలో మా ఇల్లు. మా తాతల కాలంలోనే వాడంతా మిషను మతంలో కలిసింది. పేర్లు మారాయి, ఆదివారం పనికి పోవడం మానేశారు, పిల్లలు బడికి పోయారు. ఊరి బావి మాత్రం మారలేదు. మా అమ్మ మిషను బడిలో ఎనిమిది దాకా చదివి, పంతులమ్మ ట్రైనింగు పూర్తి చేసిన మనిషి. అయినా నీళ్లకు పోతే బిందె కింద పెట్టి, ఎడంగా నిలబడి, "అమ్మా, ఒక్క చేద పొయ్యండమ్మా" అని అడుక్కోవాల్సిందే. దయ కలిగితే పైనుంచి పోసేవాళ్లు. కలగకపోతే ఎండలో నిలబడాలి. పొద్దున పోయిన మనిషి ఒక్కోరోజు అన్నం వేళకు వచ్చేది. వచ్చి బిందె దించుకుని, ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడేది కాదు.

నాయన సంగతి వేరు. కరువులో తల్లీ తండ్రీ పోతే మిషను దొరలు చేరదీసి పెంచిన పిల్లవాడు. వాళ్ల అన్నం తిని, వాళ్లిచ్చిన చొక్కా తొడుక్కుని పెద్దవాడయ్యాడు. దొర ఏమన్నా ఆయన నోట వచ్చే మాట "చిత్తం దొరగారూ" ఒక్కటే. కొండ మీద చెంచు గూడెంలో వాక్యం చెప్పే ఉపదేశిగా ఉండమని దొర చెప్పిన రోజున కూడా అదే అని ఇంటికొచ్చాడు. వాడంతా గొల్లుమంది. పులులంట, ఎలుగుబంట్లంట, చలిజ్వరమంట, పోయినోళ్లు తిరిగి రారంట. అమ్మ ఒక్కతే పొయ్యి ముందు నుంచి లేవకుండా అడిగింది.

"ఆడ నీళ్లు యాడివి?"

"వాగుంది."

"ఎవరిది ఆ వాగు?"

"వాగు ఎవరిదేందే? కొండ మీంచి వస్తాది, పోతా ఉంటాది."

"అట్లయితే పోదాం పా," అంది అమ్మ. మేం కొండ ఎక్కింది దానికి. వెలుగు పంచడానికి కాదు.

యర్రగొండపాలెం దాకా ఎద్దులబండిలో పోయి, అక్కడినుంచి సామాను గాడిదల మీద వేసుకుని నడిచాం. నాకప్పుడు ఆరేళ్లు. ఒక ట్రంకుపెట్టె, మందుల పెట్టె, పది పలకలు, గోడకు తగిలించే బొమ్మల చుట్ట, గంటకు బదులు కొట్టడానికి ఒక రైలుపట్టా ముక్క. ఇదీ మా ఆస్తి. గూడెంలో ఇళ్లన్నీ గుండ్రంగా ఉంటాయి, పైన బోదగడ్డి కప్పు. మిషను ఇల్లు మాత్రం నలుపలకలుగా, కిటికీ పెట్టి కట్టాలని దొర కాగితం మీద గీసి ఇచ్చాడు. అట్లాగే కట్టారు. మొదటి ఏడాదే గాలికి రెండుసార్లు పైకప్పు లేచిపోయింది. గుండ్రటి ఇళ్లు ఒక్కటీ కదల్లేదు. గూడెం వాళ్లు మా కప్పును వాగులోంచి ఏరి తెచ్చి ఇస్తూ నవ్వు ఆపుకోలేకపోయారు. ఇదీ మేం వాళ్లకు నేర్పిన నాగరికత.

పొద్దున్నే నాయన రైలుపట్టా కొట్టేవాడు. ఆ మోతకు కోతులు పారిపోతున్నాయని గూడెం వాళ్లకు మహా సంతోషం. ప్రార్థనకు వచ్చేది మాత్రం నలుగురు ముసలివాళ్లు, అదీ బొమ్మలు చూడటానికి. తప్పిపోయిన గొర్రె కోసం కాపరి తక్కిన మందను వదిలి వెతకబోయిన కథ నాయన చాలా బాగా చెప్పేవాడు. ఒకరోజు తేనె తీసే ఆయన ఒకడు అంతా విని అడిగాడు. "సరే, ఒకదాని కోసం పాయె. ఈ మిగిలిన తొంభై తొమ్మిదింటిని ఈలోపల పులి తినదా?"  నాయన దొరను అడిగి చెబుతానన్నాడు. దొర కూడా చెప్పినట్టు నాకు గుర్తు లేదు.

ఆ తేనె మనిషి పెళ్లామే మా అత్త. అప్పటికింకా అత్త కాదు, ఎట్లా అయిందో చెబుతాను. వాళ్ల కూతురిదీ నాదీ ఒకే ఈడు. మేమిద్దరం వేసవిలో తెల్లవారకముందే ఇప్పచెట్ల కిందికి పోయేవాళ్లం. రాలిన పువ్వు తీపి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది, కొంచెం పులిసిన బెల్లం లాగా. ఎండిన పువ్వు గుప్పిళ్లతో బుక్కి నేనొకసారి ప్రార్థనలో కూర్చున్నచోటే ఒరిగి గురక పెట్టాను. అమ్మ తొడపాశం పెట్టినా మెలకువ రాలేదట. ఆ పిల్లే నాకు చింతపండులో బూడిద కలుపుకుని తినడం నేర్పింది. పులుపు చచ్చి నాలుక మీద మెత్తగా ఉంటుంది. మా ఇంట్లో జొన్నసంగటి, గోంగూర పుల్లకూర. వాళ్లింట్లో కాల్చిన గడ్డలు, అదృష్టం బాగుంటే ఉడుము. క్రిస్మసుకు సముద్రాల అవతలినుంచి మాకు పార్సెలు వచ్చేది. ఒక ఏడాది పెట్టె నిండా ఉన్ని మేజోళ్లు! నల్లమల ఎండల్లో మేజోళ్లేం చేసుకుంటాం? అమ్మ గూడెంలో తలా ఒక జత పంచింది. వాళ్లు వాటిలో తేనె పోసి వడకట్టుకున్నారు. "దొరలు మంచి జల్లెడ పంపినారమ్మా" అని మెచ్చుకున్నారు కూడా.

ఇంత దగ్గరితనమూ మా గడప దాకానే. లోపలికొచ్చి మా కుండలో నీళ్లు మాత్రం ఎవరూ ముట్టేవాళ్లు కాదు. మేం ఏ వాడనుంచి వచ్చామో యర్రగొండపాలెం సంతలో ఎవరో పుణ్యాత్ముడు చెప్పేశాడు. నా స్నేహితురాలు కూడా ఎంత ఆడి ఎంత దప్పికైనా వాగుకే పరుగెత్తేది. "ఎందుకే?" అంటే "మా అమ్మ వద్దన్నాది" అనేది. అడవిలో అందరూ అమాయకులని చెప్పేవాళ్లకు ఈ సంగతి తెలియదు. మనుషులన్నాక పట్టింపులుంటాయి, అక్కడా ఉన్నాయి. అమ్మ మొదటిసారి ఆ మాట విన్నప్పుడు "ఈడ గూడానా!" అని గట్టిగా నవ్వింది. తర్వాత బిందె తీసుకుని వాగులోకి దిగి, మోకాళ్ల లోతున నిలబడి, తన చేత్తో తను ముంచుకుంది. మన నీళ్లు ఎవరూ తాగకపోతే పాయె, వాగులో దిగొద్దన్నవాడు లేడు కదా అంది. మూడేళ్లలో ఆమె ముఖమే మారిపోయింది. పాటలు పాడేది. మా అమ్మకు పాటలు వచ్చని నాకు అక్కడికి పోయాకే తెలిసింది.

ఏడాదికోసారి దొర వచ్చేవాడు. గుర్రం, డేరా, మడతబల్ల, వెనక ఒక గుమస్తా. సన్నగా పొడుగ్గా ఉండేవాడు, కాచి చల్లార్చిన నీళ్లే తాగేవాడు. తెలుగు మాత్రం గ్రంథంలోంచి నేర్చాడు, అట్లాగే మాట్లాడేవాడు. ఆయన రాక్షసుడని చెప్పను. నాకు చలిజ్వరం వస్తే నా తల ఒళ్లో పెట్టుకుని క్వినైను తాగించిన మనిషి. కానీ మూడో ఏడు చైత్రంలో వచ్చినప్పుడు మతంలో కలిసినవాళ్ల పేర్లు రాసే రిజిస్టరు ముందు పెట్టుకుని అన్నాడు. "మూడు సంవత్సరములు గడిచినవి. ఒక్కరైనను రాలేదు. నేను ఇక్కడ పది దినములు ఉందును. ఒక్క కుటుంబమైనను ముందుకు రానియెడల ఈ స్థలమును మూసివేయుదుము. నీవు పల్లెకు తిరిగి పోవలెను."

"చిత్తం దొరగారూ," అన్నాడు నాయన.

ఇంటికొచ్చి చెబితే అమ్మ చేతిలోని రోకలి కింద పడింది. "మళ్లా ఆ బాయికాడికా?" అంది.  ఆ పూట పాటలు లేవు. ఎట్లాగైనా పది రోజుల్లో ఒక్క కుటుంబాన్ని ఒప్పించాలని నాయన గుడిసె గుడిసెకూ తిరిగాడు. అందరూ కూర్చోబెట్టి మర్యాద చేశారు. ఒక్కరూ ఊ అనలేదు.

సరిగ్గా అప్పుడే తేనెల కాలం. మా దగ్గర కొండ ఒకవైపు గోడ కోసినట్టు దిగిపోతుంది. ఆ రాతికి తేనెపట్లు వేలాడుతుంటాయి. నారతో పేనిన తాడు పట్టుకుని మనిషి కిందికి దిగి, పచ్చాకు పొగ పెట్టి, పట్టు కోసి బుట్టలో పైకి పంపాలి. ఆ తాడు పైన ఎవరు పట్టుకోవాలో వాళ్లకు ఒక కట్టుబాటుంది. దిగేవాడి బావమరిదే పట్టుకోవాలి. నా స్నేహితురాలి తండ్రికి ఆ ఏడు బావమరిది లేనట్టే అయ్యాడు. ఎలుగుబంటి కొట్టి అతని కుడి చెయ్యి పనికిరాకుండా పోయింది. పెళ్లానికి వేరే అన్నదమ్ములు లేరు. తేనె తీస్తేనే సంతలో జొన్నలొస్తాయి. లేకపోతే వానల్లో పిల్లలకు గడ్డలే దిక్కు. రెండు వారాలుగా ఆయన పట్లను చూస్తూ కొండ అంచున కూర్చుంటున్నాడు.

నాయనకు ఈ సంగతి తెలిసి గుండె కరిగింది. గుడిసె గుడిసెకూ తిరుగుతున్నవాడు అక్కడే ఆగి, పదిమంది ముందర చేతులు చాచి అన్నాడు. "ఎందుకు బాధ? నేను పట్టుకుంటా తాడు. నేను నీకు సహోదరుణ్ణి. నీ తోడబుట్టినోడి లెక్క."

 ఉన్నట్టుండి తేనె మనిషి పెళ్లాం పిల్లను వెనక్కి లాక్కుంది. ఒక ముసలామె అయితే థూ అని పక్కకు ఉమ్మింది. ఏం తప్పన్నాడో నాయనకు అర్థం కాలేదు.

తేనె మనిషే చెప్పాడు. "తోడబుట్టినోడా? తోడబుట్టినోడి చేతికి తాడిస్తామా ఎవరన్నా? అన్న కింద పడి చస్తే వదిన తమ్మునికే గదా. వానికి పట్టుకోవాలని యాడుంటాది? బావమరిదైతే అక్కచెల్లెలి బతుకు చూసుకుంటాడు. వాడు వదలడు." ఇంకో మాట కూడా అన్నాడు. "మూడేండ్లనుంచి సహోదరులారా, సహోదరులారా అంటాంటివి. ఈయన మా పెండ్లాల మింద ఏం కన్నేసినాడోనని మేం ఎడంగానే ఉంటిమి."

మా నాయన ముఖం చూడాలి అప్పుడు. మూడేళ్లు! పొద్దున్నా సాయంత్రం రైలుపట్టా కొట్టి మరీ అదే మాట అన్నాడు. దొరలు నేర్పిన మాట, లోకంలో అంతకన్నా తీయని మాట లేదనుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, అమ్మ నా నోరు మూసింది. ఆమె కళ్లలోనూ నవ్వుంది.

ఆ సాయంత్రం తేనె మనిషి పెళ్లాం ఒంటరిగా మా వాకిట్లోకి వచ్చింది. నిలబడి, నాయన వైపు చూడకుండా, అమ్మతో అంది. "నీ మొగుడు తాడు పట్టాలంటే నాకు అన్న కావాల. నాకు అన్నయితే ఇది నాకు పుట్టినిల్లు. పుట్టింట్లో నీళ్లు తాగకుండా పోతారా? తాగుతా. ఈ మాట గూడెంలో అందరికీ చెప్పే వచ్చినా."  అమ్మ లోపలికి పోయి ముంతతో నీళ్లు తెచ్చింది. ఆమె రెండు చేతులా పట్టుకుని గడగడా తాగి, మూతి తుడుచుకుని, "వదినా, నీ కుండ నీళ్లు సల్లగుండాయి" అంది. అమ్మ అక్కడే గుమ్మంలో కూలబడి ఏడ్చింది. అట్లా ఆమె నాకు అత్తయింది, తేనె మనిషి మామ అయ్యాడు.

ఒక చిక్కు మిగిలింది. మొదట కోసిన పట్టు కొండదేవరకు ఇవ్వాలి. అంచు మీద పసుపు పూసిన రాయి ఒకటుంది. తాడు పట్టినవాడే ఒక చేత్తో తాడు ఆపి, రెండో చేత్తో ఆ రాతి మీద పట్టు పెట్టాలి. "పెట్టినాం" అని పైనుంచి కేకేసేదాకా కిందివాడు ఇంకో పట్టు మీద కత్తి వెయ్యడు, పైకీ రాడు. నాయన తన మతానికి ఒప్పదని, అది తనవల్ల కాదన్నాడు. ఆ పని వరకు వాళ్లనే చూసుకోమన్నాడు. సరే, అప్పటికి చూద్దాంలే అన్నారు అందరూ.

మరునాడు పొద్దు వాలుతుండగా కొండ అంచుకు పోయాం. తాడును మద్దిచెట్టు మొదలుకు ఒక చుట్టు తిప్పి నాయన నడుముకు కట్టారు. ఎలుగు కొట్టిన బావమరిది పక్కనే కూర్చుని ఎప్పుడు వదలాలో ఎప్పుడు బిగించాలో చెబుతున్నాడు. నాయన ఏనాడూ బరువు మోసిన మనిషి కాదు. మామ దిగిన కాసేపటికే అరచేతులు చీరుకుపోయి తాడు మీద నెత్తురు మరకలు. కింద పొగ, ఈగల రొద. బుట్ట పైకి వచ్చింది. అందులో మొదటి పట్టు, ఇంకా ఈగలు పాకుతూ, తేనె కారుతూ ఉంది.

ఎవరూ ముట్టుకోలేదు. అందరూ నాయన వైపే చూస్తున్నారు. నాయన పళ్లు బిగించి నేల చూస్తున్నాడు. అంతలో కింద ఈగలు పొగను దాటుకుని లేచాయి. మామ గొంతు వినిపించింది. "పెట్టినారా? బావా, పెట్టినారా?" జవాబు లేక ఆయన గాల్లోనే ఉండిపోయాడు. తాడు అటూ ఇటూ ఊగుతోంది, నాయన ఒక అడుగు ముందుకు జారాడు. అత్త అరవలేదు, ఏడవలేదు. "అన్నా" అని ఒక్కసారి పిలిచింది.

నాయన తలెత్తి అమ్మ వైపు చూశాడు. అమ్మ ఇక ఆగలేదు. బుట్టలోంచి పట్టు తీసి, ఆయన చెయ్యి పడ్డట్టే లెక్కని, నెత్తురు కారుతున్న ఆయన పిడికిళ్లకు ఒకసారి ఆనించి, తీసుకుపోయి రాతి మీద పెట్టింది. "పెట్టినామన్నా! పైకి రా!" అని తనే కొండ అదిరేట్టు కేకేసింది. నలుగురు మనుషులు నాయనను వెనకనుంచి పట్టుకున్నారు. మామ పైకి వచ్చాడు. ముఖమంతా ఈగలు కుట్టి ఉబ్బిపోయింది, కళ్లు కనపడటం లేదు. తడుముకుంటూ వచ్చి నాయన చేతులు పట్టుకుని "బావా" అన్నాడు.

ఈ కబురు దొరకు ఎవరో చాడీలు చెప్పి మోసుకుపోలేదు. మామే చెప్పాడు! మరునాడు పొద్దున్నే ఉబ్బిన ముఖంతో, తలపాగా చుట్టుకుని, దుత్తనిండా తేనె పట్టుకుని డేరాకు పోయాడు. మా బావ ఎట్లా తాడు పట్టాడో, మా చెల్లెమ్మ ఎట్లా పట్టు పెట్టిందో, ఒక్క ముక్క వదలకుండా సంబరంగా చెప్పాడు. దొరకు ఇంతకన్నా మంచి కబురు ఉండదనుకున్నాడు పాపం.

గంటకల్లా మా ముగ్గురికీ పిలుపొచ్చింది. మడతబల్ల ముందు దొర, పక్కన గుమస్తా. తేనె దుత్త బల్ల కింద పెట్టారు, చీమలు పట్టాయి.

"విగ్రహమునకు నైవేద్యము పెట్టినది ఎవరు?"

"నేనే దొరగారూ," అన్నాడు నాయన.

గుమస్తా అడ్డొచ్చాడు. "ఈయన రెండు చేతులూ తాడు మీదే ఉన్నాయంటండీ. పెట్టింది ఈయన భార్య. ఆ చెంచువాడే చెప్పినాడు."

దొర ముఖంలో కొంచెం ఊరట కనిపించింది. నిజంగానే ఆయనకు నాయనంటే ప్రేమ. కాగితం ముందుకు జరిపాడు. "అట్లయిన మేలు. స్త్రీ అజ్ఞానము చేత ఈ పని చేసెనని వ్రాసి సంతకము పెట్టుము. ఆమె సంఘము ఎదుట క్షమాపణ కోరవలెను. నీ పని నీకుండును. ఈ స్థలమును కూడ మరియొక సంవత్సరము నడిపెదము."

ఇంకో ఏడాది! నేను అమ్మ ముఖం చూశాను. అమ్మ వాగు వైపు చూస్తోంది. ఒక్క సంతకంతో అయిపోతుంది. నాయన నోట చిత్తం అనే మాట ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని చూశాను. రాలేదు.

"రాయను దొరగారూ."

"ఏల?"

"అది అబద్ధం గాబట్టి. ఆమెకు అజ్ఞానం లేదు. కింద మనిషి ఏలాడతా ఉండాడు. ఆజ్ఞలు లెక్కబెట్టుకుంటా కూచునేదానికి నాకు చేతగాలేదు. నా చేతులు ఖాళీగా ఉంటే నేనే పెట్టేవాణ్ణి. నా చెయ్యి చేసే పని ఆమె చెయ్యి చేసింది. రాస్తే నా పేరు రాసుకోండి."

"అజ్ఞానమంట!" అని అమ్మ అందుకుంది. కొంగు బిగించింది. "మీ బళ్లోనే ఫస్టున పాసైనదాన్ని. తెలిసే పెట్టినా. మనిషి పైకొచ్చినాడు. మళ్లా అట్ల జరిగితే మళ్లా పెడతా."

దొర కాగితం పక్కకు పెట్టాడు. చివరికి నన్ను దగ్గరికి పిలిచాడు. చిన్నపిల్లలు అబద్ధమాడరని ఆయన నమ్మకం. పైగా వాక్యాలు అప్పజెప్పడంలో నాకు ఆయన చేత్తోనే బహుమతి ఇచ్చాడు. "నీవు చెప్పుము, అది చూచినప్పుడు నీకు భయము కలిగినదా? అది తప్పని నీకు తోచినదా?"

గుమస్తా కళ్లతో సైగ చేస్తున్నాడు, అవునను, అవునను అని. నాకు తొమ్మిదేళ్లు. అవునంటే ఏమొస్తుందో కాదంటే ఏం పోతుందో అన్నీ తెలుసు. "లేదు," అన్నాను. "మామ పడతాడని భయమైంది. అమ్మ పెట్టినాక పోయింది. నాకు బాగనిపించింది."

దొర కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనకూ బాధే, నేను కాదనను. కానీ ఆయన పైన ఇంకా పెద్ద దొరలున్నారు, వాళ్లకు ఆయన రాసి పంపాలి. ఆ సాయంత్రానికి మా నాయన ఉపదేశి కాడు. మూడో రోజు మనుషులొచ్చి రిజిస్టరు, మందుల పెట్టె, పలకలు, బొమ్మల చుట్ట, రైలుపట్టా ముక్క తీసుకుపోయారు. ఇల్లు మిషనుది, ఖాళీ చెయ్యమన్నారు.

నాయన బయట బండరాయి మీద కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. "నన్ను పెంచినోళ్లు గదే వాళ్లు" అన్నాడు. అమ్మ పక్కన కూర్చుని ఆయన అరచేతుల పుండ్లకు పసరు పూసింది. "పెంచినోళ్లే. కాదన్లేదు. అయితే ఇప్పుడేం చేద్దాం? నువ్వు పల్లెకు పోతే పో. నేను ఈ వాగు ఇడిసిపెట్టి ఆ బాయికాడికి రాను గాక రాను." అంతలో అత్త గడ్డిమోపుతో వచ్చి మా సామాను పక్కన దించింది. వెనకాలే మామ, మరో పదిమంది వెదుళ్లు మోసుకుంటూ వచ్చారు. పొద్దుగూకే లోపల అత్తావాళ్ల ఇంటి పక్కనే మాకూ ఒక గుండ్రటి ఇల్లు లేచింది. మేం అక్కడ ఉన్న ఏళ్లలో ఏ గాలికీ దాని కప్పు లేవలేదు.

ఆ ఆదివారం పొద్దున నాయన ఏం చెయ్యాలో తోచక ఊరికే కూర్చున్నాడు. కొట్టడానికి గంట లేదు, చెప్పడానికి పని లేదు. మామ, అత్త, పిల్లలు, ఇంకో రెండు మూడిళ్లవాళ్లు ఒక్కొక్కరే వచ్చి లోపల కూర్చున్నారు. అమ్మ ముంతతో నీళ్లు తెస్తే చేతులు మారుతూ తాగారు.

"ఏంది బావా, ఈ వారం కత లేదా?" అన్నాడు మామ.

"నాకింక చెప్పే అధికారం లేదు బావా. తీసేసినారు గదా."

"తీసేసింది జీతం గదా. కత గూడా తీసుకపోయినారా?"

నాయన నవ్వాడు. కళ్లు తుడుచుకుని మొదలుపెట్టాడు. ఆరోజు ఎంత బాగా చెప్పాడో! వాళ్లు కూడా ఊరుకోలేదు, మాట మాటకూ అడ్డం తగిలి అడిగారు. నాయన తెలిస్తే చెప్పాడు, తెలియకపోతే తెలియదన్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఎవరూ లేవలేదు. అయినా ఎవరూ మతం మారలేదు. మేమూ వాళ్లను అడగలేదు.

ఇంకో ఏడేళ్లు అక్కడే ఉన్నాం. నాయన వెదురు నరికే పనికి పోయాడు, అమ్మ చెట్టుకింద పిల్లలకు ఇసుకలో అక్షరాలు దిద్దించింది. చలిజ్వరం నాయనను అక్కడే తీసుకుపోయింది. పల్లెనుంచి పాస్టరు రాలేదు. మామే గుంత తవ్వాడు. అమ్మ మాత్రం చచ్చేదాకా కొండ దిగలేదు. నేను దిగాను, చదివాను, ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను, మనవలను ఎత్తుకున్నాను. ఇన్నేళ్లలో మా నాయన గురించి సిగ్గుపడాల్సిన రోజు నాకు ఒక్కటి రాలేదు. మైకులో ఆయనకు అబద్ధపు గొప్పలు తగిలించక్కర్లేదు. మా నాయన ఆ కొండ మీద ఎవరికీ బాప్తిస్మం ఇయ్యలేదు. ఒక్కరికి కూడా. తాడు చేతికిస్తే మాత్రం వదల్లేదు. అది చాలదనేవాళ్లు ఎవరైనా ఉంటే నా ఎదురుగా వచ్చి చెప్పమనండి.